మనాదికి మందుంది

(మండల కేంద్రంలోని అంబేడ్కర్ భవనంలో వ్యవసాయ కూలీలు, సంఘం కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చువేస్తున్నాం.)

 

ఈ భవనంలో మనం చాలాసార్లు కూర్చున్నాం. శ్మశానం స్థలం కోసం కూర్చున్నాం. కూలిరేట్ల కోసం కూర్చున్నాం. హాస్టల్లో పిల్లలకు పెట్టే పురుగుల అన్నం గురించి కూర్చున్నాం. ఇవాళ్టి సంగతి గురించి మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. కరపత్రం మీద 'మానసిక ఆరోగ్యం' అని చూసి ఒక తమ్ముడు "ఏంది మాస్టారూ, మనకేమన్నా పిచ్చా?" అని నవ్వాడు. అతన్ని మేం తప్పుపట్టడం లేదు. మేమూ అట్లా నవ్వినవాళ్ళమే. ఎవరన్నా కాస్త తేడాగా మాట్లాడితే "నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా" అని మనమందరం అన్నవాళ్ళమే. ఎర్రగడ్డ అంటే హైదరాబాదులో సర్కారు మానసిక వైద్యశాల ఉన్న చోటు. ఆసుపత్రి పేరునే తిట్టుగా మార్చుకున్న జనం ఆ ఆసుపత్రి మెట్లు ఎట్లా ఎక్కుతారు?

మన వాడల్లో ఒక మాటుంది. "ఆమె మనాది పెట్టుకుని మంచం పట్టింది" అంటాం. "కొడుకు పోయిన మనాదితో ఆయనా పోయాడు" అంటాం. మనాది అంటే ఏంది? మనోవ్యాధి. మనసుకొచ్చిన రోగం. పుస్తకాల మాటని మన అవ్వలు నోట్లో నలిపి మనాది చేసుకున్నారు. తెలంగాణ వైపు రంది అంటారు. ఇవాళ డాక్టర్లు డిప్రెషన్ అనేది చాలావరకు దీన్నే. అంటే ఇది పట్నం రోగమూ కాదు, డబ్బున్నోళ్ళ రోగమూ కాదు. మనకు తెలిసిన రోగం, మనం పేరు పెట్టుకున్న రోగం.

అయితే ఆ పేరుతోపాటు ఒక సామెత కూడా తయారుచేసి పెట్టారు. "మనోవ్యాధికి మందు లేదు" అని. ఈ సామెత అబద్ధం. మందుంది. ఇవాళ మేం చెప్పొచ్చిందల్లా ఇదొక్కటే.

మన తెలుగులో మందు అంటే మూడు అర్థాలు. ఒకటి తాగే మందు. రెండు చేలో కొట్టే మందు. మూడు రోగానికి వేసుకునే మందు. మొదటి రెండూ మన గడప ముందు దొరుకుతాయి, అప్పుగా కూడా ఇస్తారు. మూడోది మాత్రం బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోతేగానీ దొరకదు. మనాది పట్టిన మనిషి చేతికి మూడో మందు అందకముందే మొదటి రెండు అందుతున్నాయి. మన వాడల్లో ఎన్ని ఇళ్ళు ఇట్లా ఖాళీ అయ్యాయో మీకు మేం చెప్పాలా?

మా సంఘంలో జరిగింది

మూడేళ్ళ కిందటి మాట. మా సంఘంలో ఒక అక్క ఉంది. తన సంగతి చెప్పమని తనే అంది, పేరు మాత్రం వద్దంది. శ్మశానం స్థలం కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్న మనిషి. మిరపకోతలకు ముఠా కట్టుకుపోయేది. కూలి తేలందే ఒక్కర్ని చేలో దిగనిచ్చేది కాదు. అట్లాంటి మనిషి ఒక మీటింగుకు రాలేదు. రెండో దానికీ రాలేదు. మూడోదానికి కబురు పెడితే "ఒంట్లో బాగాలేదు" అంది.

అప్పుడు మనం ఏమన్నాం? "మెత్తబడింది" అన్నాం. "అవతలి వాళ్ళు ఏదో ముట్టజెప్పి ఉంటారు" అని కూడా ఒకరన్నారు. అక్కడున్న మేం ఆ మాటని కాదనలేదు.

ఆమెకు వచ్చిన బాధ ఏంది? తల బరువు. అరికాళ్ళు మంటలు. గుండెదడ. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది. నీరసం అని రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించాడు, బలం సూదులు వేశాడు. తగ్గలేదు. పట్నం పోయి కడుపు స్కానింగు, గుండె పరీక్ష చేయించుకుంది. "అన్నీ బాగానే ఉన్నాయి, నీకేం లేదు" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంట్లోవాళ్ళు "ఏం లేదంట, ఊరికే పడుకుంటోంది" అన్నారు. తర్వాత గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, కోడిని కోశారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఎనిమిది నెలలు గడిచాయి. అప్పు మాత్రం పెరిగింది.

ఒకరోజు ఆశా వర్కరు ఆ ఇంటి కోడలిని చూడటానికి వచ్చింది. మంచంలో ఉన్న అత్తను చూసి పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడిగింది. "పెద్దమ్మా, ఈ పదిహేను రోజుల్లో ఏ పనిమీదన్నా మనసు పోయిందా? బతకాలని ఉందా?" ఆ అక్క ఎనిమిది నెలల్లో మొదటిసారి ఏడ్చింది. "రేపు పొద్దున లేవకపోతే బాగుండని రోజూ అనుకుంటన్నానమ్మా" అంది. స్కానింగు మిషన్లకు దొరకనిది ఆ పిల్ల మంచం పక్కన కూర్చుంటే దొరికింది.

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. మాత్రలు రాశారు. ఆరో వారానికి తనంతట తను లేచి పొయ్యి వెలిగించి టీ పెట్టుకుంది. నాలుగో నెలలో మీటింగుకు వచ్చింది. వచ్చి మమ్మల్ని ఒక మాట అడిగింది. "నేను రాని ఎనిమిది నెలల్లో మీరెవరూ మా ఇంటికి ఎందుకు రాలేదు?" అని.

దానికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ఇవాళ ఈ మీటింగు పెట్టాం.

దుఃఖం వేరు, రోగం వేరు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఏడ్చిన ప్రతివాడూ రోగి కాదు. 1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. అంత చదువు చదివిన మనిషికి ఊళ్ళో ఉండటానికి గది దొరకలేదు. కులం దాచుకుని పార్శీల సత్రంలో ఉంటే, తెలుసుకుని కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా అది గుర్తుకొస్తే కన్నీళ్ళు ఆగవని ఆయనే రాసుకున్నారు. అది రోగమా? కాదు. అవమానానికి కన్నీళ్ళు రావడం మనిషి లక్షణం. ఆ కన్నీళ్ళకు మాత్రలు అక్కర్లేదు, న్యాయం కావాలి.

ఇంట్లో మనిషి పోయినప్పుడు కూడా తిండి సహించదు, నిద్ర పట్టదు. కానీ ఆ దుఃఖం అలలు అలలుగా వస్తుంది. మధ్యలో మనవడి అల్లరి చూసి నవ్వొస్తుంది. చనిపోయినవాళ్ళ మంచి మాటలు చెప్పుకుంటే కాస్త ఊరట కలుగుతుంది. రోగంలో అట్లా కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే ముసురు. అయితే చావు దుఃఖం మీద రోగం వచ్చి కూర్చోవడం కూడా ఉంది. కాబట్టి "మనిషి పోయాడుగదా, అట్లానే ఉంటుందిలే" అని నెలల తరబడి వదిలెయ్యకూడదు.

మరి రోగాన్ని గుర్తుపట్టేది ఎట్లా? డాక్టర్లు చూసే గుర్తులు తొమ్మిది. మన మాటల్లో చెబుతాం, వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

ఒకటి, పొద్దస్తమానం దిగులు, లేదా మనసంతా బోసిపోయినట్టు ఉండటం.
రెండు, ఇంతకుముందు ఇష్టంగా చేసిన ఏ పనిమీదా, ఏ మనిషిమీదా మనసు పోకపోవడం.
మూడు, నిద్ర పట్టకపోవడం, తెల్లవారక ముందే మెలకువ రావడం. కొందరికి అతినిద్ర.
నాలుగు, ఆకలి చచ్చిపోవడం, మనిషి చిక్కిపోవడం. కొందరికి అతిగా తినడం.
అయిదు, పనిచేయకుండానే అలసట.
ఆరు, మాట, నడక బాగా నెమ్మదించడం, లేకపోతే ఒకచోట కాలు నిలవకపోవడం.
ఏడు, "నేనెందుకూ పనికిరాను, అందరికీ బరువయ్యాను, తప్పంతా నాదే" అనుకోవడం.
ఎనిమిది, మనసు ఒకచోట నిలవకపోవడం, చిన్న విషయం కూడా తేల్చుకోలేకపోవడం.
తొమ్మిది, చావు గురించిన ఆలోచనలు.

మొదటి రెండింట్లో ఒకటన్నా ఉండాలి. మొత్తంమీద అయిదుకు తగ్గకూడదు. దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు తగ్గకుండా ఉండి, దానివల్ల పనీ ఇల్లూ దెబ్బతింటూ ఉంటే అది రోగమే అయ్యుంటుంది. తేల్చాల్సింది డాక్టరు. గుర్తుపట్టి డాక్టరు దాకా తీసుకుపోవాల్సింది మనం. ఇంకో మాట. అయిదు లేకపోయినా సరే, తొమ్మిదోది ఒక్కటే ఉన్నా సరే, వారం చూద్దాం అనకండి. ఆ రోజే కదలండి.

మన ఆడవాళ్ళు "మనసు బాగాలేదు" అని చెప్పరు. అట్లా చెబితే వినేవాళ్ళు ఎవరు? అందుకని ఒళ్ళు చెబుతుంది. తలనొప్పి, నడుంనొప్పి, మంటలు, దడ, గ్యాసు. అవి దొంగ నొప్పులు కావు, నిజంగా నొప్పే. బాలింతల్లో కూడా ఈ రోగం వస్తుంది. బిడ్డను చూసి సంతోషపడకుండా ఏడుస్తున్న బాలింతను తిట్టకండి, వైద్యానికి తీసుకుపోండి. ఇక మగవాళ్ళు ఏడవరు. చిర్రుబుర్రులాడతారు, చేయి చేసుకుంటారు, రోజూ తాగుతారు. మా వాడలో తాగి పాడైపోయాడని వదిలేసిన ఒక తమ్ముడు తాగుడుకు ముందు ఆరునెలలు ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నాడని అతను పోయిన తర్వాత లెక్కవేసుకున్నాం. అప్పుడు లెక్కవేసుకుని ఏం లాభం?

ఈ రోగాన్ని పట్టే రక్తపరీక్ష లేదు. అయినా డాక్టరు రక్తపరీక్షలు రాస్తే వద్దనకండి. థైరాయిడ్ తగ్గినా, ఒంట్లో రక్తం బాగా తగ్గినా ఇట్లాంటి నీరసం, దిగులు వస్తాయి. అవి ఉన్నాయో లేవో చూసుకోవాలి. తాగుడు అలవాటు, వేరే మందులు వాడటం ఉంటే దాచకుండా చెప్పాలి. ఇంకో ప్రశ్న అడుగుతారు. "ఎప్పుడన్నా దీనికి తలకిందులుగా, నిద్రలేకపోయినా అలుపులేకుండా, గలగలా మాట్లాడుతూ, పెద్ద పెద్ద మాటలు చెబుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ కొన్ని రోజులు ఉన్నావా?" అని. ఉంటే అది వేరే రోగం, దాని వైద్యం వేరు. దిగులు మాత్రలు మాత్రమే ఇస్తే అది ఎదురుతిరుగుతుంది. అందుకే పక్కింటామె మాత్రలు మనం వేసుకోకూడదు.

రెండు తప్పుడు వాదనలు

ఇప్పుడు అసలు తగువుకు వద్దాం. ఈ డిప్రెషన్ అనే మాట వినగానే మన కార్యకర్తలకు కొందరికి ఒళ్ళు మండుతుంది. మండటంలో న్యాయం ఉంది. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. 2019 మేలో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వి చనిపోయింది. మన పిల్లలు చదువుల దగ్గర ఇట్లా రాలిపోయిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒక గొంతు లేస్తుంది. "పాపం, మనసు బలహీనం, డిప్రెషన్ అంట" అని. అంటే ఏంది? సస్పెన్షన్లు లేవు, సాంఘిక బహిష్కారాలు లేవు, కులం పేరుతో వేధింపులు లేవు, ఉన్నదల్లా చనిపోయిన పిల్లవాడి బుర్రలో లోపమే అని ఫైలు మూసెయ్యడం. ఈ వాదనని మనం ఒప్పుకోం. ఎన్నటికీ ఒప్పుకోం. కడుపు కాలినవాడికి, ఊరిబయట నిలబెట్టినవాడికి, రోజూ మాట పడేవాడికి ఈ రోగం వచ్చే అవకాశం ఎక్కువ. బుర్ర ఎవరిదైనా దాన్ని నలిపే చెయ్యి బయటే ఉంటుంది.

కానీ మనవాళ్ళల్లో రెండో వాదన ఒకటుంది. "ఇది కులం తెచ్చిన బాధ. కులం పోతే పోతుంది. మాత్రలెందుకు? పోరాటంలోకి రా, అన్నీ తగ్గుతాయి" అని. మేం కూడా ఇన్నాళ్ళూ ఇదే చెప్పాం. ఆ అక్కతో కూడా ఇదే చెప్పాం. ఇది కూడా తప్పు.

టీబీ సంగతి చూడండి. టీబీ ఎవరికి ఎక్కువ వస్తుంది? ఇరుకు ఇళ్ళల్లో ఉండేవాళ్ళకు, తిండి చాలని వాళ్ళకు. అంటే మనకే. దాన్ని మన నెత్తిన రుద్దింది ఈ వ్యవస్థే. అంతమాత్రాన టీబీ వచ్చిన అన్నను "ఇళ్ళస్థలాల పోరాటం గెలిచేదాకా ఆగు, మాత్రలు వేసుకోకు" అంటామా? అనం. మాత్రలు వేయిస్తాం, ఇళ్ళస్థలం కోసమూ పోరాడతాం. మనాది కూడా అంతే. రోగం ఎక్కడినుంచి వచ్చినా, వచ్చాక అది మెదడులో, ఒంట్లో కూర్చుని పనిచేస్తుంది. కొందరికి పెద్ద కారణం ఏమీ లేకుండానే వస్తుంది, కుటుంబంలో ఉంటే వస్తుంది. పెత్తందారుల ఇళ్ళల్లోనూ వస్తుంది. తేడా ఏంది? వాళ్ళు కారులో పోయి వైద్యం చేయించుకుంటారు, ఎవరికీ చెప్పరు. మనం తాయెత్తు కట్టుకుంటాం.

2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పన్నెండు రాష్ట్రాల్లో చేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండింట్లో లేవు. ఆ సర్వే లెక్కలో పెద్దవాళ్ళల్లో ఇరవైమందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగం పడ్డవాళ్ళే. రోగం ఉన్నవాళ్ళల్లో నూటికి 85 మందికి వైద్యం అందలేదు. ఆ 85 మందిలో మన వాడ ఎంతో మీరే ఊహించుకోండి.

వైద్యం ఎట్లా ఉంటుంది

వైద్యం రెండు రకాలు. ఒకటి మాటల వైద్యం, రెండు మాత్రల వైద్యం. రోగం తేలికగా ఉంటే ముందు మాటల వైద్యమే చాలు. ముదిరితే మాత్రలు కావాలి. రెండూ కలిస్తే ఇంకా మంచిది.

మాత్రల సంగతి ముందు చెబుతాం, భయాలన్నీ దాని దగ్గరే కాబట్టి. ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఇట్లాంటి పేర్లతో ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న మందులే, జనరిక్‌లో చవకగా వస్తాయి. ఇవి తలనొప్పి మాత్రలాగా గంటలో పనిచెయ్యవు. రెండు నుంచి నాలుగు వారాలకు మార్పు మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మనవాళ్ళు ఎక్కడ దెబ్బతింటున్నారంటే, మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం, తలనొప్పి కనపడతాయి, గుణం మాత్రం కనపడదు. "ఈ మందు పడలేదు" అని పారేస్తారు. ఆ ఇబ్బందులు చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. సర్దుకోకపోతే డాక్టరు మందు మారుస్తాడు.

రెండో దెబ్బ, తగ్గాక మానెయ్యడం. నెమ్మదించిన తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. లేకపోతే తిరగబెడుతుంది. మానేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపకూడదు. "ఇవి అలవాటు పడతాయి, జీవితాంతం వేసుకోవాలి" అని భయపెడతారు. ఇవి సారాలాగా వ్యసనం చేసే మందులు కావు. వ్యసనం చేసేవి వేరే ఉన్నాయి. ఆల్‌ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు. నిద్ర పట్టడంలేదంటే చీటీ లేకుండా చేతిలో పెట్టేవి అవే. అవి మనాదిని తగ్గించవు, నిద్ర మాత్రం వాటిమీదే ఆధారపడేట్టు చేస్తాయి. గ్లూకోజు బాటిల్ కూడా మనాదిని తగ్గించదు.

ఇంకో జాగ్రత్త. పాతికేళ్ళ లోపు పిల్లలకు ఈ మాత్రలు మొదలుపెట్టిన మొదటి వారాల్లో దగ్గరుండి చూసుకోవాలి. కొందరిలో ఆందోళన, చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది. అట్లా కనపడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. రోగం బాగా ముదిరి అన్నం నీళ్ళు మానేసినవాళ్ళకు ఆసుపత్రిలో మత్తు ఇచ్చి కరెంటు వైద్యం చేస్తారు. సినిమాల్లో చూపించే చిత్రహింస కాదది, ప్రాణం నిలబెట్టే వైద్యం.

ఇక మాటల వైద్యం. అంటే "ధైర్యంగా ఉండు" అని చెప్పిపోవడం కాదు. ధైర్యం తెచ్చుకోగలిగితే అది రోగం ఎందుకవుతుంది? కాలు విరిగినవాడిని నడువు అన్నట్టే. మాటల వైద్యానికి పద్ధతి ఉంది. మనసు బాగాలేక పని మానేస్తాం, పని మానేస్తే మనసు ఇంకా కుంగుతుంది. ఈ గానుగ తిరుగుడుని ఆపడానికి పని వైపునుంచి మొదలుపెడతారు. ఆ అక్కకు చెప్పింది ఇదే. మొదటివారం పొద్దున లేచి కుళాయి దాకా పోయి ఒక బిందె తెచ్చుకోవడం. రెండోవారం పక్కింట్లో పది నిమిషాలు కూర్చోవడం. తర్వాత కోళ్ళకు మేత వెయ్యడం, చర్చికి పోవడం. ఇష్టం వచ్చాక పని చెయ్యడం కాదు, చేస్తుంటే ఇష్టం తిరిగిరావడం.

ఇది చెయ్యడానికి పెద్ద డిగ్రీలే కావాలా? గోవాలో సంగాత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి ఇట్లాగే మాట్లాడారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే ఈ మాటల వైద్యం కూడా అందినవాళ్ళు ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆఫ్రికాలో జింబాబ్వే దేశం ఉంది. అక్కడి షోనా భాషలో ఈ బాధని కుఫుంగిసిసా అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మనం "ఆలోచన ఎక్కువైపోయింది" అంటామే, అదే. అక్కడ డిక్సన్ చిబాండా అనే డాక్టరు అవ్వలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. అది పనిచేస్తుందని 2016లో పరిశోధనలో రుజువైంది. వాళ్ళ అవ్వలు చేసిన పని మన అవ్వలు చెయ్యలేరా?

ప్రార్థన సంగతి అడుగుతారు. ప్రార్థన మానమని మేం అనడంలేదు. ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకోండి. పాస్టరు గార్లను మేం కోరేది కూడా అదే, ప్రార్థన అయ్యాక ఆసుపత్రికి పొమ్మని మీ నోటితో చెప్పండి.

ఇది భిక్ష కాదు, హక్కు

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వం నడిపే మానసిక వైద్య కేంద్రాల్లో వైద్యం ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. కులం, మతం, ఆడ, మగ తేడా చూపకూడదని కూడా చెబుతోంది. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళని నేరస్తులుగా చూడకూడదు, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి వైద్యం, ఆసరా ఇవ్వాలి అని అందులో 115వ సెక్షను ఉంది. కాబట్టి పోలీసు కేసవుతుందని భయపడి అట్లాంటి మనిషిని ఇంట్లో దాచకండి.

ప్రతి జిల్లాలో మానసిక వైద్యం అందించడానికి 1996లోనే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మన పీహెచ్‌సీలో ఈ మాత్రలు ఉన్నాయా? లేకపోతే ఎందుకు లేవు? అడగాలి. 2022 అక్టోబరు నుంచి టెలీమానస్ అనే ఉచిత ఫోను సేవ ఉంది. నంబరు 14416. రాత్రయినా పగలయినా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరుని ఈ భవనం గోడమీద, బాబాసాహెబ్ ఫొటో కింద, పెద్ద అక్షరాలతో రాయిద్దాం.

మనం చెయ్యాల్సినవి

ఎవరన్నా రెండు మీటింగులకు రాకపోతే మూడోదాకా ఆగొద్దు. ఇద్దరం ఇంటికి పోదాం. లెక్చరు ఇవ్వడానికి కాదు, కూర్చోవడానికి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడతారు. పుట్టదు. అడిగితే మనిషికి బరువు దిగుతుంది. ఉందని చెబితే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లోనుంచి తీసి తాళంలో పెట్టించండి, 14416కి ఫోను చెయ్యండి, ఆసుపత్రికి వెంట తీసుకుపోండి.

ఆసుపత్రికి పోయిన రోజు కూలి పోతుంది. ఆ కూలి, బస్సు చార్జీ సంఘం చందాలోనుంచి ఇద్దాం. ఎనిమిది వారాలపాటు మాత్రలు వేసుకుంటున్నారా అని చూసే బాధ్యత ఒకరికి ఒకరు పంచుకుందాం. అక్కడ డాక్టరు రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేస్తే, వెంటపోయినవాళ్ళు నిలబడి అడగండి. ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు రావాలి, ఏం ఇబ్బంది వస్తుంది అని.

దాడి జరిగిన ఊళ్ళకు మనం పోతాం. ఎఫ్‌ఐఆర్ రాయిస్తాం, నష్టపరిహారం, భూమి, ఉద్యోగం అడుగుతాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇరవైమూడేళ్ళు. ఇన్నేళ్ళు కోర్టు వాయిదాలు లెక్కపెట్టుకునే ఇళ్ళల్లో తల్లులకు నిద్ర ఎట్లా పడుతుంది? మా సంఘం రాసిన డిమాండ్ల కాగితాలు తీసి చూసుకున్నాం. ఒక్కదాంట్లో కూడా ఆ ఇంట్లోవాళ్ళ మనసుకు వైద్యం కావాలని ఒక్క వరుస లేదు. ఇకనుంచి ఆ వరుస ఉండాలి.

చివరిగా కార్యకర్తలకు ఒక మాట. ఊరంతా తిరిగి, అందరి ఏడుపూ విని, ఇంటికొచ్చి నిద్రపట్టక పడుకునేది మనమే. మనకు రాదనుకోవద్దు. వస్తే చెప్పుకోవడం పిరికితనం కాదు. నెలరోజులు సంఘం పనినుంచి తప్పుకుని వైద్యం చేయించుకున్న మనిషిని మెత్తబడ్డాడని ఎవరూ అనకూడదు. ఈ తీర్మానం ఇవాళే చేద్దాం.

మేం మాట్లాడుతున్నంతసేపూ మీలో ఒక్కొక్కరికి ఒక్కో పేరు మనసులో మెదిలి ఉంటుంది. వదినో, బావో, హాస్టల్లో ఉన్న పిల్లవాడో. ఇంటికి పోయే దారిలో ముందు ఆ గుమ్మం ముందు ఆగండి. ఆ అక్క అడిగిన మాట ఇంకెవరూ మనల్ని అడగకూడదు.

జై భీమ్.